చేత్తో రాసే డైరీ: మేలు ఎక్కడి నుంచి వస్తుంది?

చేత్తో డైరీ రాసుకుంటే మనసు తేలికపడుతుందని, ఒత్తిడి తగ్గుతుందని, నిద్ర బాగా పడుతుందని, జ్ఞాపకశక్తి పెరుగుతుందని, చివరికి గాయాలు కూడా త్వరగా మానుతాయని ఈ మధ్య విరివిగా చెబుతున్నారు. వీటిలో కొన్నిటికి ఆధారాలు గట్టివే, కొన్నిటికి పలచనివి, మరికొన్ని ఒక ప్రయోగంలో తేలిన సంగతిని తెచ్చి ఇంకో సందర్భానికి అతికించడం వల్ల పుట్టినవి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చేత్తో డైరీ రాయడమని మనం ఒక్క మాటలో చెప్పే పనిలో మూడు పనులు కలిసి ఉన్నాయి. మనసులో ఉన్నదాన్ని మాటల్లో పెట్టడం ఒకటి, ఆ మాటలను చేతితో అక్షరాలుగా దిద్దడం ఇంకొకటి, దిద్దినదాన్ని కాగితం అనే వస్తువు మీద ఉంచడం మూడవది. పరిశోధకులు వీటిని చాలావరకు విడివిడిగానే పరిశీలించారు, ప్రచారంలోకి వచ్చేసరికి మూడూ ఒకే ముద్ద అయిపోయాయి.

మొదటిదాని గురించి మనకు తెలిసినది ఎక్కువ. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో 46 మంది కళాశాల విద్యార్థుల చేత వరుసగా నాలుగు రాత్రులు, రాత్రికి 15 నిమిషాల చొప్పున రాయించారు. ఒక బృందం ఏదో ఒక మామూలు విషయం గురించి రాసింది. మిగిలిన మూడు బృందాలూ తమ జీవితంలో తమను బాగా కలచివేసిన సంఘటన గురించి రాశాయి. అయితే ఒక బృందం జరిగినది మాత్రమే, ఇంకో బృందం తమకు కలిగిన భావాలు మాత్రమే, మూడవది రెండూ కలిపి రాసింది. రాసిన వెంటనే చూస్తే సంఘటనను, భావాలను కలిపి రాసినవారి రక్తపోటు కాస్త పెరిగింది, మనసు మరింత బరువెక్కింది. కానీ ఆ తరువాతి ఆరు నెలల్లో అనారోగ్యంతో విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి వెళ్లవలసి రావడం వారి విషయంలోనే తగ్గింది. డైరీ రాసి లేచేసరికి హాయిగా ఉంటుందని ఆశించేవారు ఈ తొలి ప్రయోగాన్ని గుర్తు పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే కష్టమైన విషయం రాసి లేచినప్పుడు సాధారణంగా హాయిగా ఉండదు, కళ్లు మండుతుంటాయి, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. వచ్చే మేలు నెమ్మదిగా, వేరే దారిన వస్తుంది.

ఆ తరువాత ఇలాంటి ప్రయోగాలు వందల సంఖ్యలో జరిగాయి. 1999లో జాషువా స్మైత్, ఆయన సహచరులు ఉబ్బసం, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న రోగుల చేత మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు రాయించారు. నాలుగు నెలల తరువాత పరీక్షిస్తే, తమను కలచివేసిన సంఘటన గురించి రాసిన ఉబ్బస రోగులలో ఊపిరితిత్తుల పనితనం, ఉండవలసిన స్థాయితో పోలిస్తే, సగటున 63.9 శాతం నుంచి 76.3 శాతానికి పెరిగింది. కీళ్లవాతం ఉన్నవారిలో వ్యాధి తీవ్రత 28 శాతం తగ్గింది. 2013లో న్యూజిలాండ్‌లో 64 నుంచి 97 ఏళ్ల మధ్య వయసున్న 49 మందితో ఇలాగే రాయించి, రెండు వారాల తరువాత చర్మం మీద చిన్న గాటు పెట్టి చూశారు. పదకొండవ రోజుకు, కలచివేసిన సంఘటన గురించి రాసినవారిలో 76 శాతం మందికి గాయం పూర్తిగా మానింది, రోజువారీ పనుల గురించి రాసినవారిలో 42 శాతం మందికే మానింది. గాయాలు త్వరగా మానుతాయన్న ప్రచారానికి ఉన్న ఆధారాల్లో ఇదొకటి.

ఈ అంకెలు చూసి ఉత్సాహపడేముందు మొత్తం లెక్క కూడా చూడాలి. 1998లో స్మైత్ అప్పటికి జరిగిన 13 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు ప్రభావం చెప్పుకోదగ్గంతగా కనిపించింది. 2006లో జోవాన్ ఫ్రటారోలీ 146 అధ్యయనాలను కలిపి చూసేసరికి ఆ ప్రభావం బాగా తగ్గిపోయింది. సున్నా అంటే సంబంధమే లేదనీ, ఒకటి అంటే సంపూర్ణ సంబంధమనీ అనుకునే కొలమానం మీద ఆమెకు వచ్చిన విలువ 0.075. అంటే ప్రభావం ఉంది, చిన్నది, మనిషికీ మనిషికీ మారేది. నా మటుకు నాకు ఇది నిరాశ కలిగించే లెక్క కాదు. ఒక పెన్ను, కొన్ని కాగితాలు, గంటసేపు సమయం తప్ప మరేమీ అడగని పనికి ఆమాత్రం ఫలితం ఉండటం తక్కువేమీ కాదు. కానీ మందులు మానేసి డైరీ రాసుకోమని చెప్పడానికి మాత్రం ఈ లెక్క ఏ విధంగానూ పనికిరాదు.

ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్నకు తొలి రోజుల్లో ఇచ్చిన జవాబు సూటిగా ఉండేది. మనసులో దాచుకోవడమే ఒక శ్రమ, ఆ శ్రమ శరీరాన్ని అలసిపోయేలా చేస్తుంది, రాస్తే ఆ భారం దిగుతుంది అనేవారు. ‘కడుపులో పెట్టుకోకు, కక్కేయ్’ అని మన పెద్దవాళ్లు చెప్పే మాటకు ఇది దగ్గరగానే ఉంది. అయితే కక్కేయడం ఒక్కటే సరిపోతే, భావాలను ఎంత ఎక్కువగా వెళ్లగక్కితే అంత మేలు జరగాలి. అలా జరగలేదు. 1997లో పెన్నెబేకర్ బృందం ప్రయోగాలలో పాల్గొన్నవారి రాతలను కంప్యూటర్‌తో మాట మాటగా లెక్కించినప్పుడు తేలినదేమిటంటే, మొదటి రోజు నుంచి చివరి రోజుకు వచ్చేసరికి ‘ఎందుకంటే’, ‘కారణం’, ‘ఇప్పుడు అర్థమైంది’ వంటి మాటలు ఎవరి రాతలో పెరుగుతూ వచ్చాయో వారి ఆరోగ్యమే ఎక్కువగా మెరుగుపడింది. 2003లో వచ్చిన మరో విశ్లేషణలో సర్వనామాల సంగతి బయటపడింది. ఒక రోజు ‘నేను’ చుట్టూ తిరిగిన రాత ఇంకో రోజు ‘వాళ్లు’, ‘మేము’ అనే మాటల వైపు మళ్లడం, అంటే జరిగినదాన్ని చూసే చోటు మారుతుండటం, మేలు పొందినవారి రాతల్లో కనిపించింది.

దీన్ని నా నోటుపుస్తకంలోని కొన్ని పేజీలతో చూపిస్తే సులువుగా అర్థమవుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక సమావేశంలో నేను మాట్లాడుతుండగా నాకంటే పెద్ద హోదాలో ఉన్న వ్యక్తి చెయ్యెత్తి ఆపి, నేను సగం చెప్పిన విషయాన్నే తన మాటగా పూర్తిచేశారు. ఆ రాత్రి నుంచి వరుసగా ఆరు రోజులు నేను రాసినదంతా ఒకే వాక్యానికి రూపాంతరాలు: నన్ను మాట్లాడనివ్వలేదు, నాకు చాలా కోపంగా ఉంది. ఏడవ రోజు పేజీలో ‘కోపంగా’ అన్న మాటను కొట్టేసి, దాని పైన చిన్న అక్షరాలతో ‘అవమానంగా’ అని రాసి ఉంది. ఆ కింది వాక్యం ‘ఎందుకంటే’తో మొదలవుతుంది. ఎందుకంటే ఆయన ఆపినప్పుడు నేను ఆగిపోయాను, ఆగకుండా ఉండవలసింది అని. మొదటి ఆరు రోజులూ ఆ వాక్యాలకు కర్త ఆయనే. ఏడవ రోజు కర్త నేనయ్యాను. విషయం ఆ రోజుతో తీరిపోయిందని చెప్పను గానీ, ఆ తరువాత దాని గురించి రాయవలసిన అవసరం కలగలేదు.

కోపమా అవమానమా అని తేల్చుకోవడం మాటల గారడీ కాదు. 2007లో మాథ్యూ లీబర్‌మన్, ఆయన సహచరులు మనుషులకు కోపం, భయం నిండిన ముఖాల చిత్రాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. ఆ ముఖంలో కనిపించే భావానికి సరిపోయే మాటను ఎంచుకోమన్నప్పుడు, భయానికీ హెచ్చరికకూ స్పందించే అమిగ్డలా అనే భాగంలో చురుకుదనం తగ్గింది, నుదుటి వెనుక కుడి వైపున ఉండే ఒక భాగంలో చురుకుదనం పెరిగింది. భావానికి పేరు పెట్టడమే దాని పదును కొంత తగ్గిస్తుందని దీన్ని అర్థం చేసుకుంటున్నారు. వచ్చిన మొదటి పేరు దగ్గరే ఆగిపోకుండా, అది సరైనదేనా అని వెతకడానికి డైరీ అవకాశం ఇస్తుంది.

ఇదే పని తలకిందులైతే హాని చేస్తుందని కూడా చెప్పుకోవాలి. పశువు మేసినదాన్నే మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమిలినట్టు, మనిషి తన బాధనే పదేపదే తలచుకుంటూ అక్కడక్కడే తిరగడాన్ని మన భాషలో నెమరువేయడం అంటాం. మనస్తత్వ శాస్త్రం కూడా తన పరిభాషలో సరిగ్గా ఈ పోలికనే వాడుతుంది. ఈ అలవాటు కుంగుబాటును పొడిగిస్తుందని సూసన్ నోలెన్ హోక్సెమా దశాబ్దాల పాటు పరిశోధించి చూపించారు. నా మొదటి ఆరు పేజీలూ నెమరువేతే. డైరీ ఉన్నంతమాత్రాన అది ఆగదు, పైగా రోజూ ఒక వేళ కేటాయించి కూర్చుని మరీ నెమరువేసే వీలు చిక్కుతుంది. 2013లో డేవిడ్ స్బారా బృందం జీవిత భాగస్వామి నుంచి ఈ మధ్యనే విడిపోయిన 90 మందితో చేసిన అధ్యయనంలో, జరిగినదానికి అర్థం ఏమిటని అప్పటికే తీవ్రంగా ఆలోచిస్తున్నవారు తమ భావాల గురించి రాసినప్పుడు వారి బాధ తగ్గడం ఆలస్యమైంది. అదే స్వభావం ఉన్నవారిలో ఆ రోజు ఏమేం చేశారో పొడిపొడిగా రాసినవారు బాగా కోలుకున్నారు. ఇందులో ఒక తమాషా ఉంది. ఈ రోజు ఏం చేశాను అనే రాతను పరిశోధకులు పోలిక కోసం, ఏ ప్రభావమూ ఉండదనుకుని పెట్టారు. కొందరికి మందుగా పనిచేసినది అదే. పొద్దున లేచింది మొదలు పడుకునే వరకు చేసిన పనులను వరుసగా రాసుకునే పాతకాలపు దినచర్యను చూసి, అందులో మనసేదీ అని నవ్వేవాళ్లం. కొన్ని రోజులకు అదే సరైన రాత అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇంతవరకు చెప్పినదంతా మాటల్లో పెట్టడం వల్ల వచ్చే మేలు. టైపు చేసినా ఇందులో చాలావరకు అందుతుంది. ఇలాంటి ప్రయోగాలు ఎన్నో కంప్యూటర్ మీద జరిగాయి. మరి చెయ్యి అదనంగా ఏమిస్తుంది?

ఇక్కడ తరచుగా వినిపించేది నార్వేలో ఆడ్రీ వాన్ డెర్ మేర్, రూడ్ వాన్ డెర్ వీల్ చేసి 2024లో ప్రచురించిన అధ్యయనం. 36 మంది విద్యార్థుల తలకు 256 సెన్సర్లున్న టోపీ తొడిగి, తెర మీద కనిపించిన పదాన్ని ఒకసారి చేత్తో రాయమన్నారు, ఒకసారి కీబోర్డు మీద టైపు చేయమన్నారు. చేత్తో రాసేటప్పుడు మెదడులోని వేర్వేరు భాగాల మధ్య అనుసంధానం చాలా విస్తారంగా కనిపించింది. అక్షరాన్ని దిద్దేటప్పుడు వేళ్ల కదలిక, కంటి చూపు, పెన్ను మీద పెట్టే ఒత్తిడి అన్నీ కలిసి పనిచేయాలి. ప్రతి అక్షరానికీ కదలిక వేరుగా ఉంటుంది. కీబోర్డు మీద ‘అ’ అయినా ‘క్ష’ అయినా వేలికి ఒక్కటే, నొక్కడం. ఈ అధ్యయనాన్ని ఉటంకించేవారు సాధారణంగా చెప్పనివి మూడు ఉన్నాయి: ఆ విద్యార్థులు రాసినది కాగితం మీద కాదు, డిజిటల్ పెన్నుతో టచ్ స్క్రీన్ మీద, టైపు చేసినది పది వేళ్లతో కాదు, ఒక్క చూపుడు వేలితో, వారి మనసు తేలికపడిందా లేదా అని ఎవరూ కొలవలేదు. నేర్చుకోవడం గురించి అది ఏదో చెబుతోంది, మనశ్శాంతి గురించి ఏమీ చెప్పడం లేదు.

2014లో పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ చేసిన మరో ప్రసిద్ధ అధ్యయనం కూడా అంతే. ఉపన్యాసం వింటూ ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్నవారు విన్నది విన్నట్టు దించుకున్నారని, చేత్తో రాసుకున్నవారు తమ మాటల్లోకి మార్చుకున్నారని, విషయాన్ని అర్థం చేసుకోవడానికి సంబంధించిన ప్రశ్నలకు చేత్తో రాసినవారే బాగా జవాబిచ్చారని వారు చెప్పారు. తరువాత ఇతరులు అదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు మార్కులలో ఆ తేడా నిలకడగా కనిపించలేదు. అయితే చేత్తో రాసేవారు తక్కువ మాటలు రాస్తారన్నది మాత్రం మళ్లీ మళ్లీ తేలింది.

నా ఉద్దేశంలో డైరీకి సంబంధించినంతవరకు కీలకం ఆ తక్కువ మాటల్లోనే ఉంది. అలవాటున్నవారు టైపు చేసే వేగం చేతిరాతకు ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. కోపం పరుగెడుతున్నప్పుడు కీబోర్డు దాని వెంట పరుగెత్తగలదు, చెయ్యి పరుగెత్తలేదు. ఒక వాక్యం పూర్తయ్యేలోపు దాని తరువాతి మూడు వాక్యాలు మనసులో వచ్చి వెళ్లిపోతాయి, వాటిలో దేన్ని కాగితం మీద పెట్టాలో ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక జరిగే క్షణంలోనే, ఇది నిజంగా ఇంతేనా అన్న అనుమానం రావడానికి చోటు దొరుకుతుంది. ఇది ప్రయోగశాలలో నిరూపణ అయిన విషయమని చెప్పడం లేదు, దీర్ఘకాలం రాసిన అనుభవం మీద చేస్తున్న అనుమానం. దీనికి కాస్త దగ్గరగా వచ్చే ఆధారం ఒకటుంది. 1999లో క్రిస్ బ్రూయిన్, హేలీ లెనర్డ్ విద్యార్థుల చేత బాధాకరమైన అనుభవాలను రాయించినప్పుడు, టైపు చేసినవారికంటే చేత్తో రాసినవారు ఎక్కువ బాధను అనుభవించారు, మనసు విప్పి ఎక్కువ చెప్పుకోగలిగామని కూడా అన్నారు. చేతిరాత విషయానికి మరింత దగ్గరగా తీసుకువెళుతుందన్నమాట; ఆ దగ్గరతనం ఆ పూటకు సుఖంగా ఉండకపోవచ్చు.

కొట్టివేత గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఫోనులో తప్పుగా అనిపించిన మాటను చెరిపేస్తే దాని ఆనవాలు ఉండదు, పైగా మనం రెండక్షరాలు కొట్టగానే మూడవది ఏమై ఉంటుందో యంత్రమే సూచిస్తుంది, ఆ సూచన చాలామంది చాలాసార్లు వాడిన మాటల వైపే మొగ్గుతుంది. కాగితం మీద కొట్టేసిన మాట గీత కింద కనిపిస్తూనే ఉంటుంది. నా ఏడవ రోజు పేజీలో ‘కోపంగా’, ‘అవమానంగా’ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి కాబట్టే, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా వచ్చానో ఇవాళ కూడా చూడగలుగుతున్నాను. ఆ పేజీని తిరగేసి వెనుకవైపు వేలితో తడిమితే మొదటి మూడు పంక్తుల గీతలు ఉబ్బెత్తుగా తగులుతాయి, కిందికి వచ్చేకొద్దీ నునుపుగా ఉంటుంది. రాసేటప్పుడు అంత గట్టిగా నొక్కుతున్నానని నాకు తెలియదు.

ఇక కాగితం సంగతి. కాగితానికి నోటిఫికేషన్లు రావు, ఎవరైనా మెచ్చుకుంటారా అన్న ఆలోచన రాదు, ఇవి అందరికీ తెలిసినవే. అంతగా చెప్పుకోని గుణం ఏమిటంటే కాగితాన్ని పారేయవచ్చు. 2024లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యార్థుల చేత ఒక చిన్న వ్యాసం రాయించి, దాని మీద కావాలని అవమానకరమైన వ్యాఖ్యలు రాసి తిరిగి ఇచ్చారు. ఆ కోపాన్ని కాగితం మీద రాయమని, తరువాత కొందరిని ఆ కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయమని లేదా యంత్రంలో ముక్కలు చేయమని, మరికొందరిని దగ్గరే ఉంచుకోమని చెప్పారు. పారేసినవారి కోపం దాదాపు మునుపటి స్థాయికి దిగిపోయింది, దాచుకున్నవారిది అంతగా దిగలేదు. మొదట చెప్పుకున్న నెమరువేతకు ఇది ఒక చవకైన విరుగుడు కావచ్చు. ఒకే వాక్యం మూడవ రోజు కూడా వస్తోందని గమనిస్తే నేనిప్పుడు ఆ పేజీని చింపేస్తున్నాను.

కాగితానికున్న పెద్ద లోపం ఏమిటంటే దానికి పాస్‌వర్డు ఉండదు. ఇంట్లో ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే, రాసే చెయ్యి తనకు తెలియకుండానే వారికోసం రాయడం మొదలుపెడుతుంది, మొహమాటం అక్షరాల్లోకి దిగుతుంది. అలాంటి పరిస్థితిలో ఉన్నవారికి తాళం వేసిన ఫోనులో నిజం రాసుకోవడం, అందరికీ అందుబాటులో ఉన్న నోటుపుస్తకంలో అబద్ధం రాసుకోవడంకంటే మేలు. చేతి నొప్పులు ఉన్నవారికి, అక్షరాలు దిద్దడమే కష్టమయ్యేవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

కష్టాలను తవ్వుకోనక్కరలేని రాతలు కూడా ఉన్నాయి. 2018లో మైఖేల్ స్కలిన్ బృందం 57 మందిని నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి, పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరి చేత రాబోయే రోజుల్లో చేయవలసిన పనులు, మరికొందరి చేత అప్పటికే చేసేసిన పనులు రాయించింది. చేయవలసినవి రాసినవారు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. పనులను ఎంత విడమరచి రాస్తే నిద్ర అంత త్వరగా పట్టింది. రేపటి భారాన్ని కాగితం మోస్తుందన్న భరోసా మనసుకు చాలునేమో. కృతజ్ఞతల డైరీ గురించి 2003లో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో చేసిన అధ్యయనం మూలంగా చాలా ప్రచారం జరిగింది. అందులో పది వారాల పాటు వారానికి ఒకసారి తాము కృతజ్ఞతగా భావించే విషయాలు రాసినవారు, చికాకులు రాసినవారికంటే తమ జీవితం గురించి మెరుగ్గా భావించారు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం తరువాత వారానికి ఒకసారి, మూడుసార్లు రాయడాన్ని పోల్చి చూస్తే, ఒకసారి రాసినవారికే మేలు కనిపించింది. రోజూ తప్పనిసరిగా మూడు మంచి విషయాలు రాయాలన్న నియమం కొన్నాళ్లకు హాజరు పట్టీలా మారిపోతుంది.

ఈ విషయంలో మొత్తం డైరీ అలవాటుకే ఒక సంగతి వర్తిస్తుంది. మొదట చెప్పిన ప్రయోగాలన్నిటిలో రాసినది మూడు నాలుగు రోజులు, రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలు. ఏడాది పొడవునా రాయమని ఎవరూ అడగలేదు. తేదీలు అచ్చువేసిన డైరీ కొని, జనవరి మూడవ వారం దాకా రాసి, ఖాళీ పేజీలు చూసి సిగ్గుపడి మానేసినవారు నిజానికి ప్రయోగాలలో పాల్గొన్నవారికంటే ఎక్కువే రాశారు. తేదీలు లేని మామూలు నోటుపుస్తకం ఈ అపరాధ భావన కలిగించదు. మరీ అందమైన పుస్తకం కూడా వద్దు. అందులో వంకర అక్షరాలు, తిట్లు రాయడానికి చెయ్యి రాదు.

పెన్నెబేకర్ ఇచ్చే సూచన ఒకటి అందరూ పాటించదగినది. ఏదైనా విషయం రాయబోతే తట్టుకోలేమనిపిస్తే దాన్ని రాయకూడదు, రాస్తూ ఉండగా అలా అనిపిస్తే అక్కడే ఆపి ఇంకో విషయానికి మళ్లాలి. పెద్ద దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో రాతకంటే మనుషుల తోడు అవసరం, బతకాలనిపించని స్థితిలో ఉన్నవారికి వైద్యుడి అవసరం ఉంటుంది. నోటుపుస్తకం ఆ రెండింటికీ బదులు కాదు.

రాసినదాన్ని మళ్లీ చదవాలా అని చాలామంది అడుగుతుంటారు. ప్రయోగాలలో పాల్గొన్నవారు రాసిన కాగితాలను పరిశోధకులకు ఇచ్చి వెళ్లిపోయారు, చాలామంది వాటిని మళ్లీ చూడనే లేదు, అయినా మేలు జరిగింది. కాబట్టి చదవడం తప్పనిసరి కాదు. నేను ఏడాదికి ఒకసారి చదువుతాను, ఎక్కువగా పెన్ను రంగు మారిన చోట్లు వెతుక్కుంటూ. ఆ సమావేశం తాలూకు మొదటి ఆరు పేజీలూ నిరుడు చింపి పారేశాను. ఏడవది ఉంచాను.